అండాశయ గడ్డలకు 3డీ స్కాన్: ఏ పనికి పనికొస్తుంది, ఏ పనికి రాదు

స్కాన్ సెంటర్ బోర్డు మీద "3డీ, 4డీ" అని కనబడితే చాలామందికి కడుపులో బిడ్డ ముఖమే గుర్తొస్తుంది. అదే మెషీన్‌తో అండాశయంలోని గడ్డలనూ చూస్తారు. గడ్డ మామూలుదా, క్యాన్సరా అన్నది కత్తి పెట్టకముందే వీలైనంత గట్టిగా తేలాలి. ఆ పనిలో 3డీ ఎంతవరకు అక్కరకొస్తుందో విడమరిచి చెప్పడానికే ఈ రివ్యూ. ఇక్కడ చూస్తున్నవి రెండు: యోని ద్వారా చేసే స్కాన్‌కు (టీవీఎస్) వాడే 3డీ ప్రోబు, దానితో పాటు వచ్చే సాఫ్ట్‌వేర్. ఉదాహరణగా జీఈ వారి వొల్యూసన్ మెషీన్లను తీసుకున్నాం. అండాశయ గడ్డల మీద 3డీతో జరిగిన పరిశోధనల్లో ఎక్కువగా వినబడే, గడ్డ ఘనపరిమాణం లెక్కకట్టే వోకల్ సాఫ్ట్‌వేర్ వాటిలోదే. ఆస్ట్రియాలోని జిఫ్ అనే ఊళ్లో క్రెట్జ్‌టెక్నిక్ కంపెనీ 1989లో తెచ్చిన కాంబిసన్ 330 ఈ కుటుంబానికి పెద్దన్న. వేరే కంపెనీల్లో బటన్ల పేర్లు మారతాయి గానీ పని పద్ధతి దాదాపు ఇదే.

ముందే తేల్చి చెప్పేస్తాం. గడ్డను మొత్తంగా ఒక ఫైలులో దాచిపెట్టి, పేషెంట్ ఇంటికి వెళ్లాక కూడా ఏ కోణం నుంచైనా మళ్లీ కోసి చూసుకునే వీలు ఈ స్కాన్ ఇచ్చే అసలైన లాభం. ఆ ఒక్క పనికే 5కి 4 మార్కులు వేస్తాం. రంగురంగుల రక్తనాళాల చెట్టు, దాని పక్కన సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి ఇచ్చే అంకెలు మాత్రం రిపోర్టులో నిర్ణయాన్ని మార్చేంత నమ్మకమైనవి కావు. వాటికి 5కి ఒకటిన్నర.

ప్రోబు ఎలా ఉంటుందో తెలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. మామూలు టీవీఎస్ ప్రోబు కంటే ఇది కాస్త లావు, బరువు. తలభాగంలోని గుండ్రటి టోపీ లోపల నూనెలాంటి ద్రవం ఉంటుంది. అందులో స్ఫటికాల వరుసను చిన్న మోటారు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊపుతుంది. అలా ఊగుతూ పక్కపక్కనే తీసిన 2డీ ముక్కలన్నిటినీ కంప్యూటర్ పేర్చి ఒక దిమ్మగా (వాల్యూమ్‌గా) కడుతుంది. కాబట్టి 3డీ అంటే కొత్త రకం చూపేమీ కాదు, 2డీ ముక్కల పేర్పు. ముక్క బాగా లేకపోతే దిమ్మ బాగుండదు. 2డీలో మసకగా ఉన్న గడ్డ 3డీలో తేటపడుతుందని ఆశపడి వాల్యూమ్ తీసేవాళ్లు నిరాశపడేది ఇందుకే.

తెర మీద మూడు తలాలు కనిపిస్తాయి: ఏ, బీ, సీ. ప్రోబు నేరుగా చూసిన తలం ఏ. దానికి అడ్డంగా బీ. ప్రోబు ముఖానికి సమాంతరంగా ఉండేది సీ, అంటే 2డీతో ఎంత తిప్పినా దొరకని తలం. సీలో కనబడే బొమ్మలో చుక్కల మధ్య ఖాళీలను కంప్యూటర్ అంచనాతో నింపుతుంది, అందుకే అక్కడ స్పష్టత తక్కువ. కొలతలు ఏ తలంలోనే తీసుకోవాలి. సీ తలాన్ని ఆకారం అర్థం చేసుకోవడానికి వాడాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటించక, సీలో కొలిచిన 6 మిల్లీమీటర్ల బుడిపె ఏలో 8 మిల్లీమీటర్లని తేలిందంటే రిపోర్టే మారిపోతుంది. ఎందుకంటే మామూలు గడ్డనూ క్యాన్సర్ గడ్డనూ వేరు చేయడానికి ఐయోటా అనే బృందం పెట్టిన సింపుల్ రూల్స్ ప్రకారం అతి పెద్ద గట్టి భాగం 7 మిల్లీమీటర్ల లోపు ఉంటేనే అది మామూలు గడ్డ లక్షణం.

ఐయోటా అన్నది ఇంటర్నేషనల్ ఓవేరియన్ ట్యూమర్ అనాలిసిస్ బృందం. 1999లో డిర్క్ టిమ్మర్‌మన్, లిల్ వాలెంటిన్, టామ్ బోర్న్ కలిసి మొదలుపెట్టారు. అంతకుముందు ఒకరు "కాంప్లెక్స్ సిస్ట్" అని రాస్తే ఇంకొకరికి దాని అర్థం వేరేగా ఉండేది. గోడ అంటే ఏమిటి, గది అంటే ఏమిటి, బుడిపె అనాలంటే ఎంత ఎత్తుండాలి (3 మిల్లీమీటర్లు, ఆపైన) అని 2000లో వాళ్లు ఒక భాష కట్టారు. 2008లో సింపుల్ రూల్స్, 2014లో గడ్డ క్యాన్సర్ అయ్యే శాతాన్ని లెక్కకట్టే ఆడ్‌నెక్స్ మోడల్ వచ్చాయి. ఇవాళ అండాశయ గడ్డ మీద పనికొచ్చే రిపోర్టు ఏదైనా ఈ భాషలోనో, దీని నుంచి చాలా తీసుకున్న ఓ-రాడ్స్ (గడ్డలను ప్రమాదాన్ని బట్టి కేటగిరీలుగా విడదీసే పద్ధతి) భాషలోనో ఉండాలి. 3డీని తూచాల్సింది కూడా ఈ తక్కెడతోనే. ఈ పద్ధతులు అడిగే వివరాల్లో ఏవి 2డీలో సరిగా దొరకవు, వాటిలో 3డీ ఏవి తెచ్చిస్తుంది?

మొదటిది, బుడిపెల లెక్క. నీటి తిత్తి లోపలి గోడ మీద నుంచి లోనికి మొలిచిన పాపిలరీ బుడిపెలను లెక్కపెట్టడం చూసినంత తేలిక కాదు. ఓ-రాడ్స్‌లో ఒకే గది ఉన్న తిత్తిలో బుడిపెలు 1 నుంచి 3 ఉంటే కేటగిరీ 4. నాలుగు, ఆపైన ఉంటే కేటగిరీ 5, అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 50, ఆపైన. సింపుల్ రూల్స్‌లోనూ నాలుగు బుడిపెలంటే అది చెడు లక్షణమే. ఆడ్‌నెక్స్‌లో సున్నా, ఒకటి, రెండు, మూడు, మూడుకు పైన అని విడివిడిగా అడుగుతుంది. ఒక్క బుడిపె తేడా ఇంత దూరం తీసుకెళ్తుంది.

2డీలో ప్రోబు తిప్పుతూ లెక్కపెట్టేటప్పుడు రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. నెలవంకలా వంగిన ఒకే మడత రెండు చోట్ల తెర మీదికి వస్తుంది, దాన్ని రెండుగా లెక్కేస్తాం. లేదంటే గోడకు పై వైపున, ప్రోబుకు దగ్గరగా ఉన్న చిన్న బుడిపె దగ్గరి గోడ మసకలో కలిసిపోతుంది, దాన్ని వదిలేస్తాం. వాల్యూమ్ దాచుకుంటే టీయూఐ అనే పద్ధతి వాడొచ్చు. దిమ్మను రొట్టె ముక్కల్లా కోసి, ఒకే తెర మీద వరసగా పరుస్తుంది. ముక్కకూ ముక్కకూ మధ్య దూరం 1 లేదా 2 మిల్లీమీటర్లు పెట్టండి. 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పెడితే చిన్న బుడిపె రెండు ముక్కల మధ్య జారిపోతుంది. మొదటి ముక్కలో కనబడిన బుడిపెకు 1 అని గుర్తు పెట్టి, అది ఏ ముక్క దాకా సాగి ఎక్కడ ఆగిపోయిందో చూసి, ఆ తర్వాతే 2కి వెళ్లాలి. నెలవంక మడత అయితే రెండు కొనలూ ముందుకెళ్లేకొద్దీ ఒకదానికొకటి దగ్గరై మధ్యలో కలిసిపోతాయి. అది ఒకటే. ఇది ఓపిక పని, ఐదారు నిమిషాలు పడుతుంది. అయినా ఈ పనికి 3డీని మించినది లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. తిత్తి లోపలి గోడను గుహలోకి తొంగిచూసినట్టు చూపించే సర్ఫేస్ రెండర్ బొమ్మ ఎంతో ముచ్చటగా ఉంటుంది. పేషెంట్ చేతికిచ్చే ప్రింట్లలో అదే ముందుంటుంది. కానీ అందులో బుడిపెలు లెక్కపెట్టకండి. థ్రెషోల్డ్ (ఎంత వెలుగున్న చుక్కల్ని చూపాలన్న హద్దు) కాస్త పెంచితే చిన్నవి మాయమవుతాయి. తగ్గిస్తే నీటిలోని ధూళిలాంటి చుక్కలే గోడ మీద బుడిపెల్లా నిలబడతాయి. నునుపు చేసే ఫిల్టర్ పెడితే 3 మిల్లీమీటర్ల బుడిపె గోడలో కలిసిపోతుంది. లెక్క ఎప్పుడూ మూడు తలాల్లోనే.

రెండోది, అసంపూర్ణ పొర. తిత్తి మధ్యలో ఒక పొర కనిపించగానే "రెండు గదులు" అని రాసేయడం మామూలే. ఆ పొర ఒక చోట తెగి ఉంటే, అంటే ఒక గోడ నుంచి బయలుదేరి ఎదుటి గోడను చేరకపోతే, ఐయోటా లెక్కలో అది ఒకే గది తిత్తి. ఒకే గది అన్నది మంచి లక్షణం. 2డీలో పొర తెగిన చోటు కరెక్టుగా తెర మీదికి రావాలంటే అదృష్టం ఉండాలి. వాల్యూమ్‌లో పొర మీద చుక్క పెట్టి బీ తలాన్ని మెల్లగా తిప్పుతూ పోతే తెగిన చోటు సాధారణంగా దొరుకుతుంది.

దీనికి తోబుట్టువు లాంటిదే నీరు నిండి ఉబ్బిన ఫెలోపియన్ ట్యూబు, హైడ్రోసాల్పింక్స్. ట్యూబు మెలికలు తిరిగి తనమీద తానే మడతపడితే 2డీలో అది అచ్చం గదులున్న అండాశయ గడ్డలా కనిపిస్తుంది. లోపలి మడతలు గట్టి భాగాల్లా భ్రమ పెడతాయి. ఇన్వర్షన్ మోడ్‌లో నలుపు భాగాలు తెలుపుగా, ఘనంగా మారతాయి. అప్పుడు ట్యూబు మొత్తం ఒకే మెలిక తిరిగిన సాసేజ్‌లా తెర మీద నిలబడుతుంది. గదులన్నీ ఒకదానికొకటి దారి ఉన్నవని అక్కడే తేలిపోతుంది. పక్కన అండాశయం విడిగా మామూలుగా కనిపిస్తే అనుమానం చాలావరకు తీరుతుంది. అండాశయం తీయాల్సిన పని లేని ఆడమనిషికి అండాశయం మిగలడం చిన్న లాభం కాదు.

మూడోది, ఆరోగ్యంగా మిగిలిన అండాశయ కణజాలం. గడ్డ అంచున నెలవంకలా చిన్న ఫాలికిల్స్‌తో (అండాలు పెరిగే బుడగలతో) కూడిన మామూలు అండాశయం కనిపిస్తే అది చుట్టుపక్కలకు చొచ్చుకుపోయే క్యాన్సర్ అయ్యే అవకాశం తక్కువ. పెద్ద గడ్డ పక్కన నలిగిపోయిన ఆ సన్నటి అంచును వెతకడానికి వాల్యూమ్‌లో అటూ ఇటూ తిరగడం బాగా పనికొస్తుంది. గర్భాశయానికి తొడిమతో వేలాడే ఫైబ్రాయిడ్‌ను అండాశయ గడ్డ నుంచి వేరు చేయడానికీ ఇదే పద్ధతి.

వాల్యూమ్ తీసే పద్ధతి ఇది. మొదట పూర్తి 2డీ స్కాన్ చేయాలి, ఇందులో రాజీ లేదు. మూత్రాశయం ఖాళీ, మోకాళ్లు మడిచి, నడుము కింద చిన్న దిండు. గర్భాశయం, రెండు అండాశయాలు, గర్భాశయం వెనక గుంట చూసి, గడ్డ మూడు కొలతలు మిల్లీమీటర్లలో రాసుకోవాలి. తర్వాత పొట్ట మీద ప్రోబుతో పైదాకా చూడాలి. పొట్టలో నీరు, ఒమెంటం (పేగుల ముందు వేలాడే కొవ్వు పొర) మీద పెచ్చులు, కటి దాటి పైకి ఎదిగిన గడ్డ లోపలి ప్రోబుకు అందవు. పొట్ట మీద చూడకుండా టీవీఎస్ 3డీ ఒక్కటే చేసి రిపోర్టు ఇచ్చేస్తే అది సగం పరీక్షే.

వాల్యూమ్‌కు ముందు గడ్డ తెర మీద మూడింట రెండు వంతులు నిండేలా లోతు సర్దాలి. బొమ్మను తేటపరిచే హార్మోనిక్ సెట్టింగు ఆన్ చేయాలి. వాల్యూమ్ తీయాల్సిన మేర చూపే పెట్టెను గడ్డ చుట్టూ సుమారు సెంటీమీటరు జాగా వదిలి గీయాలి. ఊపు కోణం 90 డిగ్రీల నుంచి ప్రోబు ఇచ్చే గరిష్ఠం దాకా, క్వాలిటీ హై. పేషెంట్‌ను ఊపిరి బిగబట్టమని చెప్పి, చెయ్యి కదలకుండా మోచేతిని బెడ్‌కు ఆనించుకుని బటన్ నొక్కాలి. తీసిన వెంటనే బీ, సీ తలాల్లో అంచు చూడండి. గడ్డ అంచు రంపం పళ్లలా మెట్లు మెట్లుగా ఉంటే పేషెంటో, పేగో, చెయ్యో కదిలిందని అర్థం. పేషెంట్ బెడ్ మీద ఉండగానే ఇంకోటి తీయండి. ప్రోబును 90 డిగ్రీలు తిప్పి రెండోది తీస్తే ఒకదానిలో నీడలో ఉన్న చోటు ఇంకోదానిలో వెలుగులో పడుతుంది. సరిదిద్దడం, తిప్పడం మొదలుపెట్టకముందే ముడి ఫైలును సేవ్ చేయండి.

8, 9 సెంటీమీటర్లు దాటిన గడ్డ టీవీఎస్ పెట్టెలో సాధారణంగా పట్టదు. అంచులు తెగిన వాల్యూమ్‌తో గదుల లెక్క తప్పుతుంది. అలాంటప్పుడు పొట్ట మీది 3డీ ప్రోబు వాడాలి, లేదా మామూలు 2డీ క్లిప్పులతో సరిపెట్టుకోవాలి. రెండు వాల్యూమ్‌లు తీసి మనసులో అతికించుకుందామంటే గదులు రెండుసార్లు లెక్కకొస్తాయి.

పీరియడ్లు వచ్చేవాళ్లకు స్కాన్ ఏ రోజు చేశారన్నదీ ముఖ్యమే. అండం విడుదలయ్యాక ఏర్పడే కార్పస్ లూటియం చుట్టూ రక్తం నిప్పుల ఉంగరంలా పారుతుంది. రక్తం పారడాన్ని రంగుల్లో చూపే డాప్లర్‌లో దాని రంగు చూసి క్యాన్సర్ అనుకున్నవాళ్లున్నారు. అత్యవసరం కానప్పుడు పీరియడ్ తగ్గిన వెంటనే వచ్చే రోజుల్లో చూడటం మేలు.

ఇక వోకల్ సంగతి. ఇది గడ్డ ఘనపరిమాణం లెక్కకట్టే సాఫ్ట్‌వేర్. గడ్డ రెండు కొనల్లో గుర్తులు పెడితే ఆ ఇరుసు చుట్టూ దిమ్మను తిప్పుతుంది. ఒక్కో మెట్టు 6, 9, 15, 30 డిగ్రీల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. 180ని దానితో భాగిస్తే ఎన్నిసార్లు గీత గీయాలో తెలుస్తుంది: 30 అయితే 6 తలాలు, 15 అయితే 12, 9 అయితే 20, 6 అయితే 30. గుండ్రటి తిత్తికి 30 చాలు. ఎగుడుదిగుడు గడ్డకు 15 కంటే ముతకగా వెళ్తే మూలలు తెగిపోతాయి. చేత్తో గీయడమే నమ్మకం. ఆటోమేటిక్ గీత నీటికీ గోడకూ మధ్య బాగానే పోతుంది గానీ, గట్టి గడ్డకూ పక్కనున్న పేగుకూ తేడా పట్టదు.

అంత కష్టపడ్డాక వచ్చే అంకె నిజంగా కావాలా? పాత పద్ధతిలో మూడు కొలతల్ని గుణించి 0.523తో హెచ్చిస్తే చాలు. 62, 48, 40 మిల్లీమీటర్ల గడ్డ అంటే 6.2 × 4.8 × 4.0 × 0.523, దాదాపు 62 సీసీ. ఎగుడుదిగుడు గడ్డకు వోకల్ ఇంతకంటే సరైన అంకె ఇస్తుంది, ఒప్పుకుంటాం. కానీ సింపుల్ రూల్స్ సీసీ అడగవు. ఆడ్‌నెక్స్ అడగదు. ఓ-రాడ్స్ అడగదు. 1990 నాటి ఆర్‌ఎంఐ అనే పాత స్కోరు కూడా అడగదు. ఆడ్‌నెక్స్‌కు కావలసినవి తొమ్మిది: వయసు, సీఏ-125 (అండాశయ క్యాన్సర్ అనుమానంలో చేసే రక్తపరీక్ష), స్కాన్ చేసినది ఆంకాలజీ సెంటరా కాదా, గడ్డ పెద్ద కొలత, గట్టి భాగం పెద్ద కొలత, పదికి మించి గదులున్నాయా, బుడిపెలెన్ని, గడ్డ వెనక నీడ పడుతోందా, పొట్టలో నీరుందా. ఇందులో ఘనపరిమాణం ఎక్కడుంది? కాబట్టి వోకల్ కోసం మాత్రమే 3డీ లైసెన్స్ కొనాలనుకునే సెంటర్లు ఆగి ఆలోచించాలి.

ఆడ్‌నెక్స్ అడిగే తొమ్మిదిలో మూడోది, ఆంకాలజీ సెంటరా కాదా అన్నదాని గురించి చిన్న మాట. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. లాంటి క్యాన్సర్ ఆసుపత్రిలో స్కాన్ చేస్తే ఆడ్‌నెక్స్‌లో "అవును" పెట్టాలి. జిల్లా కేంద్రంలోని గైనిక్ క్లినిక్‌లో చేస్తే "కాదు". అవే కొలతలకు రెండు చోట్ల రెండు శాతాలు వస్తాయి, అది తప్పు కాదు. అనుమానం ఉన్నవాళ్లే క్యాన్సర్ ఆసుపత్రికి ఎక్కువగా వెళ్తారన్నది మోడల్ లెక్కలోనే ఉంది.

వోకల్‌లోనే రక్తప్రసరణకు మూడు అంకెలు వస్తాయి. దిమ్మలో ఎంత శాతానికి రంగు పట్టిందన్నది వీఐ. రంగు పట్టిన చోట ఆ రంగు సగటున ఎంత గాఢంగా ఉందన్నది ఎఫ్‌ఐ. రెండూ కలిపినది వీఎఫ్‌ఐ. వినడానికి ఎంతో శాస్త్రీయంగా ఉంటాయి, అందుకే వీటి మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నాం.

మొదటి చిక్కు లోతు. లోతుకు పోయేకొద్దీ శబ్దం బలహీనపడుతుంది. ప్రోబుకు 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గడ్డ, 7 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అలాంటి గడ్డ వేర్వేరు అంకెలు ఇస్తాయి. రెండోది గెయిన్, అంటే వచ్చిన సిగ్నల్‌ను ఎంత పెంచి చూపాలన్న సెట్టింగు. నాబ్ ఒక గీత తిప్పితే అంకె మారుతుంది. పీఆర్‌ఎఫ్ (సెకనుకు ఎన్ని శబ్ద తరంగాలు పంపాలన్నది) 0.3 నుంచి 0.9 కిలోహెర్ట్జ్ మధ్య, వాల్ ఫిల్టర్ (నెమ్మది కదలికల్ని తీసేసేది) తక్కువలో పెట్టి, రంగు చుక్కలు అల్లరిగా మెరిసేదాకా గెయిన్ పెంచి, అవి పోయేదాకా తగ్గించడం సరైన పద్ధతి. కానీ ఆ "పోయేదాకా" మనిషి మనిషికీ మారుతుంది. మూడోది మెషీన్. ఒక మోడల్‌లో వచ్చిన వీఐని ఇంకో మోడల్ అంకెతో పోల్చడానికి లేదు. పవర్ డాప్లర్ వాల్యూమ్‌కు ఊపు నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి పేగు ఒక్కసారి కదిలినా రంగు మెరుపు దిమ్మంతా పరుచుకుంటుంది, దాన్నీ సాఫ్ట్‌వేర్ రక్తంగానే లెక్కేస్తుంది.

నాలుగో చిక్కు అన్నిటికంటే పెద్దది, గీత ఎక్కడ గీశారన్నది. 60 సీసీ గడ్డలో 55 నీళ్లు, 5 సీసీ మాత్రమే గట్టి భాగం అనుకోండి. గట్టి భాగంలో వీఐ 20 శాతం ఉన్నా, గడ్డ మొత్తం చుట్టూ గీత గీస్తే అది 1.7 శాతానికి పడిపోతుంది. గట్టి భాగం చుట్టూ మాత్రమే గీయాలని కొందరు, రక్తం ఎక్కువ ఉన్న చోట 1 సీసీ గోళం పెట్టి కొలవాలని ఇంకొందరు ప్రయత్నించారు. స్పెయిన్‌లోని పంప్లోనాలో ఈ దిశగా చాలా పని జరిగింది. గోళం ఎక్కడ పెట్టాలో మళ్లీ కన్నే నిర్ణయించాలి కదా. స్వీడన్‌లోని మాల్మోలో 2007లో వచ్చిన పరిశోధన తేల్చింది కూడా ఇదే. బొమ్మకు తోడు ఈ అంకెలు ఇచ్చే సాయం, 2డీ డాప్లర్ చూసి అనుభవమున్న డాక్టర్ రక్తం ఎంత పారుతోందో కంటితో చూసి 1 నుంచి 4 వరకు వేసే కలర్ స్కోర్ ఇచ్చే సాయం కంటే ఎక్కువేమీ లేదు. రిపోర్టులో వీఐ, ఎఫ్‌ఐ మాత్రమే ఉండి కలర్ స్కోర్ లేకపోతే ఆ రిపోర్టు అసంపూర్ణం అని మా అభిప్రాయం.

వాల్యూమ్‌లో మిగలని సంగతులూ ఉన్నాయి. దాచుకున్న దిమ్మ కదలదు. తిత్తిలో గడ్డకట్టిన రక్తం బుడిపెలాగే కనిపిస్తుంది. ప్రోబుతో మెల్లగా తట్టితే రక్తపు ముద్ద జెల్లీలా ఊగుతుంది, గోడకు పుట్టిన బుడిపె గోడతో పాటే కదులుతుంది. అండాశయం గర్భాశయం వెనక అతుక్కుపోయిందా, జారుతోందా అన్నదీ తట్టి చూస్తేనే తెలుస్తుంది, ఎండోమెట్రియోసిస్‌లో (గర్భాశయ లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బులో) అది ముఖ్యం. ఎక్కడ నొక్కితే నొప్పి అన్నది పేషెంట్ చెప్పాలి. అందుకే ప్రతి వాల్యూమ్‌తో పాటు తట్టుతూ తీసిన 5 నుంచి 10 సెకన్ల క్లిప్పు ఒకటి తప్పనిసరిగా సేవ్ చేయాలి. డెర్మాయిడ్ అనే రకం గడ్డలో వెంట్రుకలు, కొవ్వు, పంటిముక్కల వెనక పడే నీడను 3డీ కూడా దాటలేదు. నీడ వెనక ఏముందో తెలియదు, తిప్పి చూసినా తెలియదు.

పొట్టలో నీరు, సీఏ-125 ఎక్కువ, పెరిటోనియం (పొట్ట లోపలి పొర) మందం అన్నీ ఉన్నప్పుడు మన దేశంలో పొట్ట టీబీని మరిచిపోకూడదు. 3డీ క్యాన్సర్‌నూ పొట్ట టీబీనీ వేరు చేయదు. సీఏ-125 ఎండోమెట్రియోసిస్‌లోనూ 35 దాటుతుంది. అలాగని అనుమానపు తిత్తికి సూదిపెట్టి నీరు తీసి చూద్దామనడం ప్రమాదం. అండాశయానికే పరిమితమైన క్యాన్సర్ తిత్తి పగిలితే క్యాన్సర్ స్టేజీలు చెప్పే 2014 ఫిగో లెక్కలో స్టేజి 1ఏ కాస్తా 1సీ అవుతుంది.

లక్షణాలు లేని ఆరోగ్యవంతులకు చెకప్ ప్యాకేజీలో భాగంగా ఈ స్కాన్ అమ్మడం తగదు. బ్రిటన్‌లో 2,02,638 మందితో జరిగిన యూకేసీటాక్స్ పరీక్ష తుది ఫలితాలు 2021లో వచ్చాయి. ఏటా స్కాన్‌తోనో, సీఏ-125తోనో వెతికినా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. 3డీ పెట్టినంత మాత్రాన ఆ లెక్క మారుతుందని చెప్పడానికి ఆధారం లేదు. ఇది గడ్డ దొరికాక దాని గుణం తేల్చే పరికరం.

ప్రోబు సంరక్షణ మీద సెంటర్లు అశ్రద్ధ చేస్తాయి, అక్కడే డబ్బు పోతుంది. ఒక్కసారి కింద పడితే మోటారు, టోపీ రెండూ దెబ్బతింటాయి. టోపీలోకి గాలి బుడగ చేరితే తెర మీద ఒకే చోట నల్లటి చార వస్తుంది, ప్రోబు తిప్పినా ఆ చార ప్రోబుతో పాటే తిరుగుతుంది. అది గడ్డ నీడ కాదని గుర్తుపట్టాలి. కండోమ్ లోపల, బయట రెండు చోట్లా జెల్ ఉండాలి. లోపల గాలి మిగిలినా ఇలాంటి చారే వస్తుంది. కండోమ్ వేసినా స్కాన్ స్కాన్‌కూ హై-లెవెల్ డిస్ఇన్ఫెక్షన్ (దాదాపు అన్ని క్రిముల్నీ చంపే శుభ్రత) తప్పదు. 0.55 శాతం ఓపీఏ అనే క్రిమిసంహారక ద్రావణంలో 12 నిమిషాలు, అదీ కంపెనీ తన ప్రోబుకు ఒప్పుకున్న జాబితాలో ఆ ద్రావణం ఉంటేనే. ప్రోబు మీది గీత దాటి ముంచకూడదు. గంటల తరబడి నానబెడితే సీల్ పాడై నూనె కారుతుంది. లేటెక్స్ పడనివాళ్లుంటారు, అడిగి తెలుసుకోవాలి. 3డీ మెషీన్‌ను గైనిక్ పనికే కొన్నా పుట్టబోయే బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇంతకీ ఈ స్కాన్‌కు ఎక్కువ మార్కులు ఎందుకు వేశామంటే, 2008లో సింపుల్ రూల్స్ పెట్టినప్పుడే దాదాపు నాలుగింట ఒక గడ్డ ఏ పక్కకూ తేలలేదు. అలాంటి గడ్డల్ని చెయ్యి తిరిగిన నిపుణుడు చూడాలి. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో స్కాన్ చేయించుకున్న మనిషి, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న నిపుణుడి ముందు మళ్లీ పడుకోవాల్సిన పని లేకుండా గడ్డే ఆయన కంప్యూటర్‌లోకి వెళ్లడం 3డీ వల్ల సాధ్యమైంది. అది జరగాలంటే సెంటర్ నుంచి ప్రింటు ఫొటోలో, జేపెగ్‌లో తెచ్చుకుంటే చాలదు. వాటిని తిప్పడానికి లేదు. ముడి వాల్యూమ్ ఫైలు కావాలి. వొల్యూసన్ ఫైలును తెరవడానికి 4డీ వ్యూ అనే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండాలి. స్కాన్ బొమ్మలు చూసే మామూలు డైకామ్ వ్యూయర్‌లో తెరిస్తే చాలాసార్లు ఒక నిశ్చల బొమ్మే కనిపిస్తుంది. పంపేముందు అవతలివాళ్ల దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉందో ఫోన్ చేసి అడగండి. రంగు లేని గ్రే వాల్యూమ్‌లు రెండు, పవర్ డాప్లర్‌ది ఒకటి, తట్టుతూ తీసిన క్లిప్పు ఒకటి, పొట్ట మీద నుంచి చూసిన బొమ్మలు, సీఏ-125 కాగితం ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఫైలు పేరులో తేదీ, కుడా ఎడమా అన్నది రాయండి. వాల్యూమ్‌ను తెర మీద తిప్పేకొద్దీ కుడి ఎడమలు తారుమారవుతాయి. ఫైలు పేరులో రాసినదే అప్పుడు ఆధారం.